ఇంటిపేరు గడిలో కులం

ప్రభుత్వ దరఖాస్తు ఏదైనా మనిషిని ముందుగా రెండు గడుల్లో ఇమడమంటుంది. ఒకటి ఇంటిపేరు, రెండోది పేరు. ఈ రెండింటినీ క్షణంలో నింపగలిగినవారికి అదొక ప్రశ్నగానే తోచదు. నింపబోయి ఆగిపోయేవారూ మన మధ్య ఉన్నారు. వారెందుకు ఆగుతారో తెలుసుకోవాలంటే దరఖాస్తును పక్కనపెట్టి మన ఊళ్ల బడి రిజిస్టర్లను, రెవెన్యూ రికార్డులను తిరగెయ్యాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు ఓసీఐ కార్డు కోసం పెట్టుకునే దరఖాస్తుల్లో పేర్ల తేడాలు, వాటి సవరణలు చాలాకాలంగా ఒక తలనొప్పిగా ఉన్నాయి. దీనిని అందరూ సాంకేతిక సమస్యగా చూస్తున్నారు. ఈ సమస్య అందరికీ సమానంగా లేదని, దాని బరువు కులాన్ని బట్టి మారుతున్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. వాడుకలో దీనిని ‘ద్వంద్వ పౌరసత్వం’ అంటున్నాం గానీ, భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారని 9వ అధికరణం చెబుతుంది. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ కూడా అదే సూత్రాన్ని అమలు చేస్తుంది. 2003 నాటి సవరణ చట్టంతో మొదలై, 2005 సవరణతో విస్తరించిన ఓసీఐ పథకం 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ వేదికపై ప్రారంభమైంది. జీవితకాలపు వీసా, ఆర్థిక, విద్యా రంగాల్లో కొన్ని వెసులుబాట్లు దీనివల్ల లభిస్తాయి. ఓటుహక్కు ఉండదు. రాజ్యాంగ పదవులు ఉండవు. సాగుభూమి కొనే వీలు లేదు; వారసత్వంగా మాత్రం పొందవచ్చు. ఇప్పటికి 40 లక్షలకు పైగా కార్డులు జారీ అయ్యాయి. అందులో తెలుగువారి వాటా చిన్నదేమీ కాదు.

ఈ కార్డు పొందడం ఒక పత్రాల గొలుసు మీద ఆధారపడి ఉంది. విదేశీ పాస్‌పోర్టులో ఉన్న పేరే దరఖాస్తులో ఉండాలి. పాత భారత పాస్‌పోర్టును అప్పగించి పౌరసత్వాన్ని వదులుకున్నట్టు ధ్రువపత్రం చూపాలి. రెండు పాస్‌పోర్టుల్లో పేరు వేరుగా ఉంటే, ఎందుకు మారిందో, ఎలా మారిందో రుజువు పెట్టాలి. గొలుసులో ఏ కొక్కెం తెగినా దరఖాస్తు వెనక్కి వస్తుంది. 2025 మేలో కొత్త పోర్టల్ వచ్చింది. తెరలు మారాయి, మౌలిక ప్రశ్న మారలేదు. నువ్వు పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒకే పేరుతో ఉన్నావా అన్నదే ఆ ప్రశ్న.

పుట్టుక నుంచి ఒకే పేరుతో ఉండగలిగింది ఎవరు? తాతతండ్రుల పేర్లు ఇంటిపేరుతో సహా పట్టాల్లోకి ఎక్కినవారు. బడిలో చేర్పించేటప్పుడు తండ్రి స్వయంగా వెళ్లి, పేరును అక్షరం పొల్లుపోకుండా రాయించగలిగినవారు. తెలుగు సమాజంలో ఇంటిపేరు ఒక్కటే కులాన్ని పట్టివ్వదు. చాలా ఇంటిపేర్లు ఊరి పేర్ల నుంచి వచ్చినవి కాబట్టి ఒకే ఇంటిపేరు పలు కులాల్లో కనిపిస్తుంది. కులాన్ని ప్రకటించే పని పేరు చివరి బిరుదుది. రెడ్డి, రావు, చౌదరి, నాయుడు, శర్మ, వర్మ వంటివి ఆ పని చేస్తూ వచ్చాయి. అమెరికాలో పుట్టిన పిల్లల పేర్లలో ఒక విచిత్రం జరిగింది. అక్కడి పత్రంలోని కుటుంబనామం గడికి మన ఇంటిపేరు సంగతి తెలియదు. పలకడానికి సులువన్న కారణంతో ఎన్నో కుటుంబాల్లో అసలు ఇంటిపేరు జారిపోయి, కులబిరుదు ఆ గడిలో కూర్చున్నది. కులం ఖండాంతరం వెళ్లి కుటుంబనామంగా స్థిరపడింది. ఆ మార్పును ఎవరూ అనుమానించలేదు. అది ‘ఆధునిక సౌలభ్యం’గా చెల్లుబాటైంది.

రెండో వైపు చూడండి. కొన్నేళ్ల క్రితం నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి పల్నాడు ప్రాంతపు మాలపల్లె నుంచి వచ్చినవాడు. పదో తరగతి మార్కుల జాబితాలో అతనికి ఇంటిపేరు లేదు. ఉన్నది ఒక్క పేరే. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండవచ్చు గనుక అతని పాస్‌పోర్టూ అలాగే వచ్చింది. అమెరికా వీసాలో ఆ ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళ్లింది. పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడ్డాయి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఒంటి పేరున్న ఎందరికో జరిగేదే ఇది. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఉద్యోగంలో ఏళ్ల తరబడి అతన్ని ఆ మూడక్షరాలతోనే పిలిచారు. అక్కడి పౌరసత్వం తీసుకునే వేళ కోర్టు ద్వారా పేరు మార్చుకునే అవకాశం ఉంటుంది. అతను ఆ అవకాశాన్ని వాడుకుని, ఇంట్లో తాతల నుంచి నోటిమాటగా వస్తున్న ఇంటిపేరును తన పేరుకు చేర్చుకున్నాడు. ముప్పై అయిదేళ్ల వయసులో తొలిసారిగా ఒక పత్రం మీద అతని పేరు పూర్తిగా కనిపించింది.

ఆ తరువాత ఓసీఐకి దరఖాస్తు చేశాడు. కోర్టు ఉత్తర్వు జతచేశాడు. అయినా ఈ ఇంటిపేరు కుటుంబానిదేనని, ఇద్దరూ ఒకే వ్యక్తి అని చూపే భారతీయ పత్రం కావాలని తిరుగుటపా వచ్చింది. తండ్రి ఊళ్లో వెతికాడు. రేషన్ కార్డులో ఇంటిపేరు లేదు. తండ్రి చదివిన బడి రిజిస్టరులోనూ లేదు. చివరికి పెట్టె అడుగున తాతకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి డీ-ఫారం పట్టా దొరికింది. తాత పేరుకు ముందు ఒక మాట ఉన్నది. అది ఇంటిపేరు కాదు, ‘మాల’. ఆ రాత్రి అతను నాకు ఫోన్ చేసి అన్న మాట ఇది: ‘సార్, మా ఇంటిపేరు ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నదల్లా కులమే.’

ఈ వ్యాసానికి ఆ వాక్యమే ప్రాణం. మన రెవెన్యూ రికార్డుల్లో దళితుల, చేతివృత్తుల కులాల పేర్లకు ముందు కులాన్ని రాయడం నిన్నమొన్నటి దాకా సాగిన ఆచారం. ఇంటిపేరు ఉండవలసిన చోట మాల, మాదిగ, చాకలి, మంగలి అనే మాటలు నిలిచాయి. వారికి ఇంటిపేర్లు లేక కాదు. రాసే చేతికి వాటితో పనిలేకపోవడం వల్ల అలా జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటపు వీరనారి ఇంటిపేరు చిట్యాల. లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో పెట్టిన పేరూ అదే. ఈనాడు ఆ పిలుపులో గౌరవం ఉన్నది, పోరాట స్మృతి ఉన్నది. అయితే కులం ఇంటిపేరు స్థానాన్ని ఆక్రమించిన చరిత్ర కూడా ఆ పిలుపులోనే ఉన్నది. రెండింటినీ కలిపి చదవాలి.

బడి రిజిస్టరు రెండో చెయ్యి. మొదటి తరం పిల్లలను బడిలో వేసినప్పుడు పేరు రాసింది పంతులు. ఇంట్లో పిలిచే ముద్దుపేరో, నోటికి వచ్చిన చిన్నోడు, పెద్దోడు అనే మాటో అధికారిక నామమైంది. పుట్టినతేదీ కూడా అంచనాయే. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, ఊరి చివర పేటల్లో కాన్పులన్నీ రిజిస్టరుకు ఎక్కలేదు. తండాల్లోనూ, ఆదివాసీ గూడేల్లోనూ ఇదే కథ. ఆ రిజిస్టరు మీద పదో తరగతి ధ్రువపత్రం, దాని మీద పాస్‌పోర్టు, దాని మీద వీసా, దాని మీద విదేశీ పౌరసత్వం నిలబడ్డాయి. అంటే ఒక పంతులు అర నిమిషంలో రాసిన మాటను మనిషి జీవితాంతం రుజువు చేసుకుంటూ తిరగాలి.

మూడోది మతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ లేదు. అంటరానితనం మతం మారినంత మాత్రాన మాయం కాదని పల్లె అనుభవం చెబుతున్నా, చట్టం దానిని గుర్తించలేదు. దీని ఫలితం కోస్తా జిల్లాల పేర్లలో కనిపిస్తుంది. ఒకే మనిషికి బడిలో ఒక పేరు, ప్రార్థనామందిరంలో మరో పేరు. అమ్మ పిలిచే పేరు ఒకటి, సర్కారు పిలిచే పేరు ఇంకొకటి. విదేశానికి వెళ్లాక అమ్మ పిలిచే పేరుతో బతకాలని ఒకరు కోరుకుంటే, ఆ కోరిక పాత పత్రాలను, పాత భయాలను తట్టి లేపుతుంది. చట్టం పెట్టిన షరతు వల్ల ఏర్పడిన రెండు పేర్లను చట్టమే అనుమానంగా చూడటం ఎంతవరకు న్యాయం?

ఇంతవరకు చెప్పినది ఇతరులు పెట్టిన పేర్ల సంగతి. దళితులు తమకు తాము పెట్టుకున్న పేర్ల చరిత్ర వేరు, అది మరింత గొప్పది. మాదరి భాగయ్యగా పుట్టినవారు భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. ఆధిపత్య కులాల బిరుదులు ఎవరి సొంత ఆస్తీ కాదని ఆ పేరుతోనే చాటారు. ఆయన అధ్యక్షతన 1917లో బెజవాడలో జరిగిన సభ ‘పంచములు’ అన్న మాటను తిరస్కరించి ‘ఆది ఆంధ్రులు’ అన్న పేరును స్వీకరించింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా ఉద్యమం ఇంకో దారి పట్టింది. తిట్టుగా వాడిన కులనామాన్ని పేరు చివర తలెత్తి నిలబెట్టింది. రెడ్డి, శర్మలు చేయగా లేనిది మాదిగ చేస్తే తప్పేమిటని నిలదీసింది. ఒకరు కులాన్ని పేరులోంచి తీసేశారు, ఒకరు పేరులోకి తెచ్చారు. రెండూ ఆత్మగౌరవ చర్యలే. ఈ నేలపై పేరుమార్పు దొంగచాటు వ్యవహారం కాదు, బహిరంగ రాజకీయ ప్రకటన.

అమెరికాలో ఈ ప్రకటన అవసరం తీరిపోయిందనుకుంటే పొరపాటు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగర మండలి కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నరు తిరస్కరించారు. ఆ చర్చలో పదేపదే వినిపించిన అనుభవం ఒకటుంది. తోటి భారతీయుడు పరిచయమైన కొద్ది నిమిషాల్లోనే ఇంటిపేరు అడుగుతాడు. అది చాలకపోతే ఊరు, ఆపైన తిండి అడుగుతాడు. అటువంటి చోట ఒక దళిత ఉద్యోగి పేరు మార్చుకోవడంలో దాపరికం వెతికేవారు, ఆ ఇంటిపేరు ప్రశ్నలో ఉన్న దాపరికాన్ని ఎందుకు చూడరు?

మన న్యాయస్థానాలు ఈ విషయంలో కార్యాలయాల కంటే ముందున్నాయి. జిగ్యా యాదవ్ కేసులో 2021 జూన్‌లో సుప్రీంకోర్టు, పేరు వ్యక్తి అస్తిత్వంలో భాగమని, దానిపై నియంత్రణ భావప్రకటనా స్వేచ్ఛలో అంతర్భాగమని గుర్తించింది. ధ్రువపత్రాల్లో పేరు సవరణను బోర్డు గంపగుత్తగా నిరాకరించజాలదని చెప్పింది. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ముందుకు మరో కేసు వచ్చింది. కులదూషణల కారణంగా ఒక తండ్రి తన ఇంటిపేరును ‘మోచీ’ నుంచి ‘నాయక్’గా మార్చుకున్నాడు. కుమారుల ధ్రువపత్రాల్లో ఆ మార్పు చేయడానికి విద్యాబోర్డు ఒప్పుకోలేదు. వివక్షకు కారణమయ్యే కులంతో తనను గుర్తించకూడదని కోరుకునే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది. అయితే కోర్టు ఇచ్చిన హక్కు కౌంటరు దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. మార్పు హక్కే అయినప్పుడు, మారిన ప్రతివారినీ సంజాయిషీ అడిగే పద్ధతి ఆ హక్కును ఖాళీ చేస్తుంది.

ఈ సంజాయిషీ కేవలం జాప్యంతో ఆగదు. మోసం, తప్పుడు ప్రకటన, ముఖ్య వాస్తవాలను దాచడం అన్న కారణాలపై ఓసీఐ నమోదును రద్దు చేసే అధికారం పౌరసత్వ చట్టంలోని 7-డి సెక్షన్ కేంద్రానికి ఇస్తుంది. 2019 సవరణ రద్దుకు మరిన్ని దారులు తెరిచింది. అధికారాల పరిధి పెరుగుతున్న కాలంలో పేరులోని తేడా ఎప్పుడు పొరపాటుగా, ఎప్పుడు దాపరికంగా కనిపిస్తుందో ఎవరు చెప్పగలరు? దేశం లోపల దీని రూపం అస్సాంలో చూశాం. 2019 ఆగస్టు 31న ప్రకటించిన జాతీయ పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. తాత పేరులో ఒక అక్షరం, తండ్రి పేరులో ఒక ఒత్తు తేడా అక్కడ ఎన్ని కుటుంబాలను ట్రిబ్యునళ్ల చుట్టూ తిప్పాయో దేశమంతా చదివింది. ప్రవాసికి వీసా ప్రశ్నగా ఎదురయ్యేది, పేదవాడికి పౌరసత్వ ప్రశ్నగా ఎదురవుతుంది. రెండింటి మూలం ఒక్కటే. రికార్డు రాసింది రాజ్యం, తప్పు మోసేది మనిషి.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. పేర్లను ఇష్టం వచ్చినట్టు మార్చనిస్తే నేరస్థులు తప్పించుకుంటారు, నకిలీ పత్రాలు పెరుగుతాయి, కాబట్టి తనిఖీ తప్పదు అని. తనిఖీ వద్దని ఎవరూ అనడం లేదు. వేలిముద్రలు, ముఖచిత్రాలు, పాత పాస్‌పోర్టు సంఖ్యలు చేతిలో ఉన్న రాజ్యానికి, మనిషిని పోల్చుకోవడానికి పేరొక్కటే ఆధారం కాదు. మనిషి ఒకడేనని తేలాక, పేరు ఎందుకు మారిందన్న ప్రశ్నకు భద్రతతో సంబంధం లేదు. పైగా తలుచుకుంటే సరళం చేయడం ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఒకప్పుడు 20 ఏళ్లలోపు వారు పాస్‌పోర్టు మారినప్పుడల్లా ఓసీఐ కార్డును తిరిగి జారీ చేయించుకోవలసి వచ్చేది. 2021 ఏప్రిల్‌లో ఆ నిబంధనను సడలించి, కొత్త పాస్‌పోర్టు ప్రతిని, ఫొటోను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే చాలన్నారు. మారిన ముఖాన్ని నమ్మిన వ్యవస్థ మారిన పేరును నమ్మలేదా?

చేయవలసినవి పెద్ద విప్లవాలేమీ కావు. ఒకటి, సవరణను, మార్పును వేరుగా చూడాలి. రికార్డు రాసినవారి పొరపాటును సరిదిద్దడానికి దరఖాస్తుదారు నుంచి రుసుము, సంజాయిషీ తీసుకోకూడదు. రెండు, చట్టబద్ధమైన కోర్టు ఉత్తర్వు గానీ, గెజిట్ ప్రకటన గానీ ఉన్నప్పుడు అదే తుది రుజువు కావాలి. దానికి మించి తాతల పత్రాలు అడగకూడదు. మూడు, పాత పేరును, కొత్త పేరును ఒకే నమోదులో జతగా చూపే ఏర్పాటు ఉండాలి. అప్పుడు ప్రతి కార్యాలయంలోనూ మొదటి నుంచి రుజువు చేసుకునే బాధ తప్పుతుంది. నాలుగు, కులాన్ని వెల్లడించే పత్రం తప్ప మరొకటి లేనివారికి ఆ భాగాన్ని మూసిపెట్టి సమర్పించే హక్కు ఉండాలి. అయిదు, ఇది రెండు తెలుగు ప్రభుత్వాల బాధ్యత. పదో తరగతి ధ్రువపత్రాల్లో పేరు సవరణను జిగ్యా యాదవ్ తీర్పుకు అనుగుణంగా సులభం చేయాలి. భూరికార్డుల కంప్యూటరీకరణ సాగుతున్న ఈ దశలోనే, పేరుకు ముందున్న కులాన్ని తీసి, కుటుంబం చెప్పిన ఇంటిపేరును రాయాలి. పాత తప్పును కొత్త తెర మీదికి ఎక్కించడాన్ని ఆధునికీకరణ అనలేం.

విద్యార్థులు ఈ ప్రశ్నను విదేశాలకు వెళ్లేవారి సమస్యగా వదిలేయకూడదు. మీ ధ్రువపత్రాలు తీసి చూసుకోండి. మీ పేరు ఎవరు రాశారో, మీ అమ్మ పేరు ఎక్కడైనా పూర్తిగా ఉన్నదో లేదో చూడండి. కులనిర్మూలన గురించి మాట్లాడే తరం, తన పేరు చరిత్రను తానే రాసుకోవడం దగ్గర మొదలుపెట్టవచ్చు.

ఆ విద్యార్థికి చివరికి కార్డు వచ్చింది. తహసీల్దారు ధ్రువీకరణ, నోటరీ అఫిడవిట్, ఇద్దరు సాక్షుల సంతకాలు, ఎనిమిది నెలల కాలం పట్టాయి. వాటితోపాటు తాత పట్టా ప్రతినీ అతను జతచేయవలసి వచ్చింది. కార్డు మీద ఇప్పుడు అతని ఇంటిపేరు ఉన్నది. ఆ కార్డు వెనకాల ఉన్న ఫైలులో మాత్రం, తాత పేరుకు ముందు, ఆ మాట అలాగే ఉన్నది.